సినిమాకు మార్కులు వేయడం, సినిమా వార్తలు చదవడం: ఒక అభిమాని పద్ధతి

సినిమా చూసి బయటికి రాగానే "ఎలా ఉంది?" అని అడిగినవారికి మనం చెప్పే జవాబు ఒకటి, వారం తర్వాత అదే సినిమా గురించి మనలో మిగిలి ఉండే అభిప్రాయం మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాను గమనించడం అలవాటైన అభిమానికి మార్కులు వేయడం సగం వచ్చినట్టే. ఇతరులు వేసిన మార్కులను, పరిశ్రమ నుంచి వచ్చే వార్తలను చదివేటప్పుడు ఆ అంకె లేదా ఆ వాక్యం అసలు ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో కనిపెట్టడం మిగిలిన సగం. ప్రశ్న తెలియకుండా జవాబును పట్టుకుని వాదించడం వల్లనే అభిమానుల మధ్య జరిగే తగాదాల్లో చాలావరకు పుడుతున్నాయని నా అభిప్రాయం.

కొలబద్దను ముందు మీరే తయారు చేసుకోండి

మొదట ఎన్ని మెట్ల కొలబద్ద కావాలో తేల్చుకోవాలి. నూటికి మార్కులు వేయడం చూడటానికి శాస్త్రీయంగా కనిపిస్తుంది గాని, 73 వచ్చిన సినిమాకూ 74 వచ్చిన సినిమాకూ తేడా ఏమిటని అడిగితే వేసినవారే చెప్పలేరు. ఐదు నక్షత్రాల పద్ధతిలో అర నక్షత్రాలను కూడా కలుపుకుంటే పది మెట్లు అవుతాయి. ప్రేక్షకులు తాము చూసిన సినిమాలకు మార్కులు వేసుకునే లెటర్‌బాక్స్‌డ్ అనే సైటులో ఉన్నది ఇదే. సినిమాల వివరాలు, ప్రేక్షకుల ఓట్లు ఉండే ఐఎమ్‌డీబీ సైటులో ఒకటి నుంచి పది వరకు ఉన్నదీ లెక్కకు ఇదే. పది మెట్లు ఎవరికైనా సరిపోతాయి.

ఈ మెట్లకు 'అద్భుతం', 'బాగుంది', 'పర్వాలేదు' వంటి మాటలు తగిలిస్తే, వాటి అర్థం ఆ రోజు మన మనసు ఉన్న తీరును బట్టి జారిపోతూ ఉంటుంది. అందుకు బదులుగా ఒక్కో మెట్టుకు మనం చేసే ఒక పనిని జోడించుకోవడం మేలు. నా లెక్కలో 10 అంటే, ఎవరైనా మళ్లీ చూద్దామంటే చేతిలో పని పక్కన పెట్టి కూర్చునే సినిమా. 8 అంటే, అడగకపోయినా నేనే నలుగురికి చెప్పి చూడమనేది. 6 అంటే, టీవీలో వస్తుంటే ఛానల్ మార్చకుండా వదిలేసేది. 4 అంటే, చూస్తూ చూస్తూ ఫోన్ తీసి సమయం ఎంతయిందో చూసుకున్నది. 2 అంటే, పక్కన ఉన్నవారి మొహమాటం లేకపోతే లేచి వచ్చేసేది. బేసి అంకెలు వీటి మధ్య ఊగిసలాటకు పనికొస్తాయి. తర్వాత ప్రతి సరి అంకెకూ మీకు బాగా గుర్తున్న ఒక సినిమాను గుర్తుగా నిలబెట్టుకోండి. కొత్త సినిమాకు మార్కు వేయవలసి వచ్చినప్పుడు గాల్లోంచి అంకెను పట్టుకోకుండా, 'ఇది నా 6 సినిమా కంటే మెరుగేనా, నా 8 సినిమా పక్కన నిలబడగలదా' అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు, అంకె దానంతట అదే తేలుతుంది.

ఇక మార్కులు రాసుకునే పుస్తకం సంగతి. యాప్ అయినా సరే, కాగితం అయినా సరే, ఒక్కో సినిమాకు నాలుగు వివరాలు రాసుకోవాలి: చూసిన తేదీ, ఎక్కడ ఎవరితో చూశారన్నది, ఆ రాత్రి వేసిన మార్కు, వారం తర్వాత వేసిన మార్కు. పాత అంకెను కొట్టివేయకూడదు. నా పుస్తకంలో ఒక పేజీలో రాత్రి 8, వారానికి 6 అని ఉంది. కారణం కింద రాసుకున్నాను: ఆ రాత్రి నన్ను లేపి నిలబెట్టింది చివరి ఇరవై నిమిషాల్లో మోగిన నేపథ్య సంగీతం, వారం తిరిగేసరికి సంగీతం చెవుల్లోంచి పోయింది, కథానాయకుడి చెల్లెలు ఇల్లు విడిచి ఎందుకు వెళ్లిపోయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రెండు అంకెలూ నిజమే. మొదటిది సినిమా హాలులో కలిగిన అనుభూతికి, రెండోది మనసులో మిగిలిన కథకు. ఇలాంటి పేజీలు కొన్ని పోగయ్యాక మన సంగతి కూడా మనకు తెలుస్తుంది. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టిన సినిమాలకు నేను కారణం లేకుండా తక్కువ వేస్తానని, మిత్రులతో కలిసి చూసిన హాస్య చిత్రాలకు ఒక మార్కు ఎక్కువ వేస్తానని నాకు తెలిసింది పుస్తకం వల్లనే.

అభిమాన నటుడి సినిమా వచ్చినప్పుడు మాత్రం ఇంకొక జాగ్రత్త అవసరం. చూడకముందే, ఎంత వేస్తానని అనుకుంటున్నారో ఆ అంకెను ఒక మూల రాసి పెట్టుకోండి. చూసిన తర్వాత వేసిన మార్కు ప్రతిసారీ ఆ ముందు అంకెతో సరిగ్గా సరిపోతుంటే, మీరు మార్కులు వేస్తున్నది సినిమాకు కాదు, నటుడికి. అందులో తప్పేమీ లేదు, ఎవరి పిచ్చి వారికి ఆనందం. కానీ ఆ అంకెను చూపించి మరొకరితో వాదనకు దిగకూడదు. ఇదే సూత్రం తిరగేసినా వర్తిస్తుంది. గిట్టని నటుడి సినిమాకు ముందే 3 రాసి, చూశాక కూడా 3 వేసేవారు తక్కువేమీ కాదు.

నలుగురి అంకెలను చదివే తీరు

ఎక్కువ మంది పొరబడేది సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటు శాతం దగ్గర. అక్కడ కనిపించే శాతం సినిమాకు వచ్చిన మార్కు కాదు. ఎంతమంది సమీక్షకులు మొత్తం మీద అనుకూలంగా రాశారన్నది మాత్రమే. అరవై శాతం గాని, ఆపైన గాని వస్తే 'ఫ్రెష్' (తాజా), లోపు అయితే 'రాటెన్' (కుళ్లినది). ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక సినిమాకు వందమంది సమీక్షకులూ పదికి ఆరు చొప్పున వేసి, 'ఒకసారి చూడవచ్చు' అన్నారనుకోండి. అందరూ అనుకూలమే కాబట్టి శాతం 100. మరో సినిమాకు అరవైమంది తొమ్మిదేసి వేసి నెత్తిన పెట్టుకున్నారు, నలభైమంది ఐదేసి వేసి పెదవి విరిచారు. శాతం 60, కానీ సగటు 7.4. సగటున ఆరు వచ్చిన సినిమా నూటికి నూరుతో వెలిగిపోతుంటే, ఏడున్నరకు దగ్గరగా వచ్చినది గట్టు మీద వేలాడుతుంది. ఎవరినీ నొప్పించని సినిమాలకు ఈ పద్ధతి అనుకూలిస్తుంది, సాహసం చేసినవాటిని చిన్నచూపు చూస్తుంది. అందువల్ల శాతం పక్కనే సగటు మార్కు కనిపిస్తే దాన్ని కూడా చూసి ముందుకు వెళ్లాలి. సమీక్షలను పోగుచేసే మరో సైటు మెటాక్రిటిక్ మాత్రం వాటిని నూటికి అంకెలుగా మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇచ్చి సగటు కడుతుంది. అడిగిన ప్రశ్నే వేరు కాబట్టి ఈ రెండు చోట్లా ఒకే సినిమాకు వేర్వేరు అంకెలు రావడంలో వింత ఏమీ లేదు.

ఐఎమ్‌డీబీ దగ్గర ప్రేక్షకులే ఓటు వేస్తారు. కనిపించే అంకె సాదా సగటు కాదు. మూకుమ్మడి ఓట్ల ప్రభావాన్ని తగ్గించేందుకు వారు కొంత సవరణ చేస్తారు, ఆ లెక్క మొత్తం బయటపెట్టరు. అయితే అంకె కంటే ముఖ్యమైనది దాని కింద ఉండే ఓట్ల పంపిణీ. వెయ్యి ఓట్లలో 480 మంది పదులు, 400 మంది ఒకట్లు, మిగిలిన 120 మంది ఆరులు వేశారనుకుంటే సగటు 5.92 వస్తుంది. ఆరుకు దగ్గరగా ఉందని 'ఏదో సాదాసీదా సినిమా' అనుకుంటాం. నిజానికి సాదాసీదా అన్నవారు వెయ్యిమందిలో నూట ఇరవై మందే. రెండు చివరలా కొండలు, మధ్యలో లోయ ఉన్న చోట సినిమా మీద కాకుండా సినిమా చుట్టూ ఏదో గొడవ నడుస్తోందని గ్రహించాలి. విడుదలకు ముందే కుప్పలుగా ఓట్లు పడ్డ సందర్భాల్లో ఇది మరీ స్పష్టం. ప్రేక్షకుల మార్కుల విషయంలో ఈ ఇబ్బందిని గుర్తించే రాటెన్ టొమాటోస్ 2019లో విడుదలకు ముందు చూపించే ఆసక్తి శాతాన్ని తీసివేసి, టికెట్ కొన్నట్టు రుజువైన ప్రేక్షకుల ఓట్లను వేరుగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

సినిమాస్కోర్ గురించి ఒక్క మాట. ఇది ప్రేక్షకుల అభిప్రాయం సేకరించే సంస్థ. వాళ్లు అమెరికాలో తొలిరోజు ప్రేక్షకులను హాలు దగ్గరే అడిగి 'ఎ ప్లస్' నుంచి 'ఎఫ్' వరకు గ్రేడు ఇస్తారు. తొలిరోజు వచ్చేవారు ఎలాగూ ఇష్టపడి వచ్చినవారే కనుక అక్కడ 'బి' అన్నది మెచ్చుకోలు కాదు. ఆశించి వచ్చినవారు కొంత నిరాశపడ్డారని దాని అర్థం.

వసూళ్ల లెక్కలు

బాక్సాఫీసు అంకెలు అభిమానులకు పందెం కోళ్లయిపోయాయి. వాటిని చూసేటప్పుడు మూడు సంగతులు మరువకూడదు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. అందులో థియేటర్ వాటా పోగా మిగిలేదే తీసినవారికీ పంపిణీదారులకూ చేరుతుంది. ప్రకటించిన బడ్జెట్‌లో సాధారణంగా ప్రచార ఖర్చు కలవదు. కాబట్టి బడ్జెట్ ఎంతో గ్రాస్ అంత రాగానే 'పెట్టుబడి వచ్చేసింది' అనడం తప్పు లెక్క. మూడోది, టికెట్ ధర ఏటా పెరుగుతూ పోతుంది గనుక పాత రికార్డు బద్దలైందన్న వార్తలో టికెట్ల సంఖ్య లేకపోతే ఆ పోలికకు పెద్దగా విలువ లేదు.

తొలి వారాంతం వసూళ్లు ప్రచారం ఎంత బాగా పనిచేసిందో చెబుతాయి; సినిమా ఎలా ఉందో చెప్పేది రెండో వారాంతంలో పడిపోయిన తీరు. అమెరికా మార్కెట్‌లో ఆదివారం వెలువడేవి అంచనాలు, సోమవారం వచ్చేవి అసలు లెక్కలు. ఈ రెండింటి మధ్య ఒక్క రోజు ఆగలేక రాత్రంతా కొట్టుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది. పైగా వసూళ్లు ఒక ప్రశ్నకు, నాణ్యత మరో ప్రశ్నకు జవాబు. 1994లో వచ్చిన 'ద షాషాంక్ రిడెంప్షన్' రెండున్నర కోట్ల డాలర్ల బడ్జెట్‌తో తయారై, తొలి విడుదలలో అమెరికాలో 1.6 కోట్ల డాలర్ల వద్దే ఆగిపోయింది. ఆ తర్వాత వీడియో అద్దెల ద్వారా, టీవీ ప్రసారాల ద్వారా జనానికి చేరి, 2008 నుంచి ఐఎమ్‌డీబీ టాప్ 250లో మొదటి స్థానంలో కూర్చుంది.

వార్తకు కూడా మార్కు వేయండి

నిప్పు లేనిదే పొగ రాదంటారు. సినిమా వార్తలకు ఈ సామెత వర్తించదు. ఈ రంగంలో పొగ పెట్టడమే జీతంగా ఉన్నవారు ఉన్నారు. అందుకని వార్తలోని క్రియాపదాన్ని ముందు పట్టుకోవాలి. 'హక్కులు కొన్నారు' అంటే కథ ఇంకొకరి చేతికి పోకుండా కొంతకాలం ఆపుకున్నారని మాత్రమే కావచ్చు. అలా కొన్న కథల్లో తెరదాకా రానివే ఎక్కువ. 'చర్చల్లో ఉన్నారు' అంటే పారితోషికం తేలలేదు, ఇంకా కాదనే అవకాశం ఉంది. 'సంతకం చేశారు' అన్నది దానికంటే గట్టిది, 'చిత్రీకరణ మొదలైంది' అన్నది ఇంకా గట్టిది. విడుదల తేదీ ప్రకటన మాత్రం చాలాసార్లు పోటీ సినిమాలు ఆ తేదీకి రాకుండా వేసుకున్న తుండుగుడ్డ వంటిది. ఈ వరుస మనసులో ఉంటే శీర్షిక ఎంత అరిచినా వార్త ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుంది.

తర్వాత చూడవలసింది ఎవరు చెప్పారన్నది. నిర్మాణ సంస్థ సొంత ప్రకటన ఒక రకం. 1905 నుంచి వస్తున్న 'వెరైటీ', 1930లో మొదలైన 'ద హాలీవుడ్ రిపోర్టర్' వంటి, సినిమా పరిశ్రమ వారి కోసమే నడిచే వృత్తి పత్రికలు ఇంకొక రకం. ఇవి తప్పు రాయవని కాదు, తప్పు రాస్తే పరిశ్రమలోనే పరువు పోతుందన్న భయం వీటికి ఉంటుంది. 'సన్నిహిత వర్గాల భోగట్టా' అన్నది మూడో రకం. ఆ సన్నిహిత వర్గం తరచుగా నటుడి ప్రతినిధో, పారితోషికం పెంచుకోవాలనుకునే ఏజెంటో, జనం స్పందన ఎలా ఉంటుందో చూడాలనుకునే నిర్మాతో అయి ఉంటుంది. ఈ వార్త నిజమని జనం నమ్మితే ఎవరికి లాభం అని ఒక్కసారి అడిగి చూడండి, వర్గం ఎవరో చాలాసార్లు మీకే అర్థమవుతుంది.

ప్రకటనల్లో కనిపించే ప్రశంసా వాక్యాలను మరీ జాగ్రత్తగా చూడాలి. మధ్యలో చుక్కలు ఉంటే ఆ చుక్కల చోట ఏముండేదో అసలు సమీక్ష తెరిచి చదవాలి. సమీక్షకుడి పేరు కూడా చూసుకోవాలి; 2001లో సోనీ సంస్థ తన సినిమాల ప్రకటనల్లో డేవిడ్ మ్యానింగ్ అనే సమీక్షకుడి మెచ్చుకోళ్లు వేసుకుంటే, అలాంటి మనిషే లేడని, ఆ పేరు సంస్థలోనే సృష్టించారని 'న్యూస్‌వీక్' పత్రిక బయటపెట్టింది. అలాగే సమీక్షలు ఏ గంటకు వెలువడ్డాయో గమనించండి. ముందస్తు ప్రదర్శన చూసిన సమీక్షకులు ఫలానా సమయం వరకు రాయకూడదని పెట్టే షరతును ఎంబార్గో అంటారు. వారం ముందే షరతు ఎత్తేశారంటే తమ సినిమా మీద వారికి ధీమా ఉందని అనుకోవచ్చు. విడుదలకు కొన్ని గంటల ముందు దాకా బిగించి ఉంచితే అనుమానించవచ్చు, అయితే కథలో మలుపు బయటపడకూడదన్న కారణమూ ఉండవచ్చు కనుక తీర్పు చెప్పేయకూడదు.

చివరగా, సినిమాల కోసం పెట్టుకున్న అదే పుస్తకంలో వెనక నుంచి నాలుగు పేజీలు వార్తలకు కేటాయించండి. మీకు ఆసక్తి కలిగించిన ప్రతి వార్తనూ తేదీతో, చెప్పినవారి పేరుతో ఒక్క వరుసలో రాసి, పక్కన గడి ఖాళీగా వదిలేయండి. ఆరు నెలలకు ఒకసారి కూర్చుని, జరిగినవాటికి టిక్కు, జరగనివాటికి ఇంటూ, ఇంకా తేలనివాటికి చుక్క పెట్టండి. రెండు విడతలు అయ్యేసరికి ఎవరి వరుసలో ఇంటూలు బారులు తీరి ఉన్నాయో కంటికే కనిపిస్తుంది, వారిని చదవడం మానేయవచ్చు. నా లెక్కలో ఇంటూ వచ్చినా ఒక మినహాయింపు ఉంది: తప్పు రాశామని తామే ఒప్పుకుని, అసలు వార్త ఎక్కడ వేశారో సవరణ కూడా అక్కడే వేసినవారికి అర టిక్కు ఇస్తాను.