నెలసరి ఆగాక గుండె విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఈమధ్య తెలిసినవాళ్లలో ఒకావిడకు గుండెపోటు వచ్చింది. అంతకుముందు కొన్ని వారాలుగా మెట్లెక్కితే ఆయాసం, దవడ లాగుతున్నట్టు నొప్పి. ‘నెలసరి ఆగిన కొత్తలో ఇవన్నీ మామూలే’ అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆవిడా అదే నమ్మింది. ఆడవాళ్ల ప్రాణం మీదికి తెస్తున్న పొరపాటు ఇదే: ఒంట్లో ఏ తేడా వచ్చినా మెనోపాజ్ మీదికి నెట్టేయడం.

నడక, ఉప్పు, పొగ సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను.

లోపల జరిగేది: అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారీని దాదాపు ఆపేస్తాయి. మగ హార్మోన్ అనుకునే టెస్టోస్టిరాన్ ఆడవాళ్లలోనూ కొంత ఉంటుంది, అది అంత వేగంగా పడిపోదు. అందుకని రెండింటి నిష్పత్తి మారిపోతుంది. ఈస్ట్రోజన్‌తో పోలిస్తే టెస్టోస్టిరాన్ ఎక్కువున్న స్త్రీలలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయని అమెరికాలో జరిగిన మెసా అధ్యయనం 2018లో తేల్చింది. కొవ్వు పొట్ట లోపల పేరుకుంటుంది, ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. చివరి నెలసరికి అటూ ఇటూ ఏడాదిలోనే చెడు కొలెస్ట్రాల్ చాలామందిలో గబగబా పెరుగుతుంది, బరువు మారకపోయినా సరే. కాబట్టి నెలసరి ఆగకముందు తీయించిన రిపోర్టు చూసుకుని ధైర్యంగా ఉండకండి. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) మళ్లీ చూపించుకోండి.

మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్లు ఊరికే కూర్చున్నా వస్తాయి. ముఖం, ఛాతీ భగ్గుమని కొన్ని నిమిషాల్లో తగ్గిపోతాయి. శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గే ఆయాసం, ఛాతీలో బరువు, నొప్పి ఆవిర్లు కావు. చల్లటి చెమట, వికారం, వీపులోనో చేతిలోనో నొప్పి కూడా కావు. వీటిని మెనోపాజ్ అనుకోవద్దు.

హార్మోన్ మాత్రల విషయం. ఇవి గుండెను కాపాడతాయని ఒకప్పుడు అనుకునేవాళ్లు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (మరో ఆడ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిపి ఇచ్చిన పెద్ద పరీక్షను అమెరికాలో 2002లో మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయి, గుండెకు మేలు కనిపించలేదు. అలాగని మందు అందరికీ చెడ్డదని కాదు. ఆవిర్లు భరించలేనంతగా ఉండి, 60 దాటకుండా, నెలసరి ఆగి పదేళ్లలోపే అయితే డాక్టరు మంచీ చెడూ చూసి ఇస్తారు. గుండె కోసమని మాత్రం మొదలుపెట్టకండి.

40 లోపే నెలసరి ఆగిందా? వెంటనే డాక్టరుకు చూపించండి, గుండె ముప్పు మీకే ఎక్కువ.
పక్కింటావిడ వాడే మాత్రలు వేసుకోవద్దు.
టెస్టోస్టిరాన్, డీహెచ్‌ఈఏ (ఒంట్లో టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజన్‌గా మారే హార్మోన్) సప్లిమెంట్లు సొంతంగా కొనొద్దు.
గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఇరవై ఏళ్లు గడిచినా అది లెక్కలోకి వస్తుంది.
నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా చూపించుకోండి.
గుండె దడను టెన్షన్ అని కొట్టిపారేయొద్దు. మెనోపాజ్ అని అసలే అనొద్దు.
ఛాతీలో బరువు వచ్చి తగ్గకపోతే అంబులెన్స్ పిలవండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు.
‘వయసు వల్లే’ అని డాక్టరు అన్నా ఈసీజీ తీయమని అడగండి. ఈసీజీ బాగుందన్నాక కూడా ఆయాసం పోకపోతే, మళ్లీ వెళ్లండి.