లోగో ఇచ్చాక వచ్చే ఫోన్లు: ఏ ఫైల్‌తో ఏ తంటా, ఎలా సరిచేయాలి

లోగో ఓకే అయి, డబ్బులు కూడా అందాక కొన్ని ఫోన్లు వస్తాయి. హన్మకొండ, కాజీపేట దుకాణాలకు లోగోలు చేసే నాకు అవి ఎక్కువగా రాత్రిపూట, ఫ్లెక్సీ షాపులో నిలబడ్డ క్లయింట్ దగ్గర్నుంచే వస్తాయి. తెల్లారితే ఓపెనింగ్. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి ఫార్మాట్ల సంగతి చెప్పి లాభం లేదు. ఫైల్ ఇచ్చే ముందే మనం తెలుసుకోవాల్సింది ఒకటుంది: దీన్ని తెరిచేది ఎవరు? ఫ్లెక్సీ ఆపరేటరా, స్టాంపు చేసే ఆయనా, ఫోన్‌లో చూసుకునే ఓనరా? కింద సమస్యలను క్లయింట్లు చెప్పే మాటల్లోనే పెడుతున్నాను.

"అన్నా, ఫ్లెక్సీల పగులుతుందంట"

కారణం: వాళ్ల చేతిలో ఉన్నది జేపీజీ, అంటే పిక్సెళ్లనే చిన్న రంగు గళ్లతో చేసిన ఫొటో ఫైల్. ఫోన్‌లో ముచ్చటగా కనబడే 600 పిక్సెళ్ల బొమ్మను 10 అడుగుల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 5 పిక్సెళ్లే మిగులుతాయి. అంటే ఒక్కో పిక్సెల్ అర సెంటీమీటరు గడి. పైగా జేపీజీ అక్షరాల అంచుల్లో చీమలు పారినట్టు మచ్చలు వదులుతుంది. ఫోన్‌లో కనబడని ఆ మచ్చలు ఫ్లెక్సీ మీద రోడ్డు అవతలి నుంచి కూడా కనబడతాయి.

పరిష్కారం: వెక్టర్ ఫైల్ పంపాలి. గీతలు లెక్కలుగా నిల్వ ఉండే ఫైల్ ఇది, ఎంత పెంచినా పగలదు. పీడీఎఫ్, ఈపీఎస్, ఎస్‌వీజీ, ఏఐ, సీడీఆర్ ఈ కోవలోవే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. జేపీజీని డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌లోకి ఇంపోర్ట్ చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేసినంత మాత్రాన అది వెక్టర్ కాదు. సంచి మారింది, లోపలి సరుకు అదే. తెలుసుకోవడం తేలికే: కోరెల్‌లో తెరిచి వైర్‌ఫ్రేమ్ వ్యూ పెట్టండి. గీతలు కనబడితే అసలుది, బూడిదరంగు బొమ్మ కనబడితే లోపల ఫొటోనే. అసలు ఫైల్ పోయి ఫొటో ఒక్కటే మిగిలితే, దాన్ని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే ఆటో ట్రేస్‌ను నమ్ముకోవద్దు. తలకట్లు కరిగిపోతాయి, సున్నాలు కోడిగుడ్లవుతాయి. పెన్ టూల్‌తో మళ్లీ గీయడమే మంచిది.

"తెలుగు అక్షరాలు పిచ్చిగ వస్తున్నయ్"

నాకు ఎక్కువ బాధ కలిగించే ఫోన్ ఇదే, ఎందుకంటే తప్పు పూర్తిగా మనది. ఒక బట్టల దుకాణానికి నేనే అలా పంపాను. నా సిస్టమ్‌లో "వస్త్రాలయం" ముత్యాల్లా ఉంది. ప్రింటింగ్ షాపులో తెరిస్తే ఆ చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తు.

కారణం: డీటీపీలో వాడే అను ఫాంట్ల లాంటివి యూనికోడ్ (తెలుగు అక్షరాలకు విడిగా స్థానాలున్న పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చి పెట్టినవి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో అడుగున ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. యూనికోడ్ ఫాంట్ వాడితే తంటా వేరుగా ఉంటుంది: పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి "వస్త్రాలయం" కాస్తా "వస్‌త్‌రాలయం" అవుతుంది.

పరిష్కారం: పంపే కాపీలో అక్షరాలన్నీ ఆకారాలుగా మార్చాలి. కోరెల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. అలా మార్చాక స్పెల్లింగ్ దిద్దలేం కాబట్టి, అంతకుముందే ఓనర్‌తో పేరు ఒక్కో అక్షరం చదివించండి. టైప్ చేసిన ఒరిజినల్ మాత్రం మీ దగ్గర విడిగా ఉంచుకోండి.

ఇలా ఆకారాలుగా మార్చాక (దీన్నే కర్వ్స్ చేయడం అంటారు) ఇంకో పని మిగిలి ఉంటుంది. అను అక్షరాల్లో తలకట్టు, గుణింతం, ఒత్తు వేర్వేరు ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తెర మీద తెలియదు. కానీ కారు అద్దానికో, షాపు గ్లాసుకో స్టిక్కర్ కోయించినప్పుడు స్టిక్కర్ కోసే మిషన్ (ప్లాటర్) బ్లేడు ప్రతి ముక్క అంచు వెంటా తిరుగుతుంది, "కి" గుడి అక్షరం మధ్యలోంచి తెగుతుంది. స్టిక్కర్ ఊడదీస్తుంటే ముక్కలుగా చేతికొస్తుంది. అక్షరాలను వెల్డ్ చేసి, ఒకే అంచుగా కలిపి పంపండి. ఇలస్ట్రేటర్‌లో దాన్నే యునైట్ అంటారు.

"ఫైల్ ఓపెన్ అయితలేదు"

మన దగ్గర చాలా ఫ్లెక్సీ షాపుల్లో నడిచేది కోరెల్, అది కూడా తరచూ పాత వెర్షన్. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన సీడీఆర్ పాతదాంట్లో తెరుచుకోదు. సేవ్ యాజ్ చేసేటప్పుడు కిందనున్న వెర్షన్ పెట్టెలో పాతది ఎంచుకోండి. షాపు ఏదో తెలిస్తే ముందే ఫోన్ చేసి "మీ దగ్గర ఏ కోరెల్?" అని అడగండి, నిమిషం పని. తోడుగా పీడీఎఫ్ కూడా పంపితే దాదాపు ఎక్కడైనా గట్టెక్కుతాం.

"వెనక తెల్ల డబ్బా వస్తుంది"

జేపీజీలో పారదర్శకత ఉండదు, అందుకే. పీఎన్‌జీ ఇవ్వాలి. కానీ ఆ పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్కడ మళ్లీ జేపీజీ అయిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. "ఖాళీ ఫైల్ వచ్చింది" అని ఎవరైనా అంటే కంగారు పడొద్దు. తెల్ల లోగోను తెల్ల తెర మీదో, నల్ల లోగోను డార్క్ మోడ్‌లోనో చూస్తున్నారు. ఫైల్ పేరులోనే "ముదురు రంగు మీద వాడేది" అని రాస్తే ఆ ఫోన్ రాదు.

"ఫోన్ల ఉన్న రంగు కార్డు మీద రాలే"

తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ సిరాతో అద్దుతుంది. చిలకపచ్చ, మెరిసే నీలం సిరాలో దొరకవు. ముఖ్యంగా నీలం ఊదాలోకి జారుతుంది. ప్రెస్ వాడే నాలుగు సిరాల (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) లెక్క అయిన సీఎంవైకేలో మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తగ్గించి పెట్టండి. విజిటింగ్ కార్డు మీది చిన్న నల్ల అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే వాడండి. నాలుగు సిరాలు కలిస్తే అచ్చు కాస్త పక్కకు జరిగినా అక్షరాలు అలుక్కుపోతాయి. పసుపు, కుంకుమ రంగులతో మాత్రం ఇబ్బంది తక్కువ.

"స్టాంపుల తోరణం నల్లగ ముద్దయింది"

వరంగల్‌లో లోగో అంటే కాకతీయ కళాతోరణం అడగని క్లయింట్ అరుదు. ఆ చెక్కడమంతా గీస్తే బోర్డు మీద అందమే, అంగుళం స్టాంపులో మాత్రం గీతలన్నీ సిరాతో నిండిపోతాయి. ఫార్మాట్ మారిస్తే ఇది తీరదు. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డదూలం, రెండు హంసలు చాలు. నలుపు ఒక్కటే వాడి, చిన్న సైజుకు వేరే బొమ్మ గీసి పీడీఎఫ్ ఇవ్వండి. స్కూలు చొక్కా మీద ఎంబ్రాయిడరీకీ ఈ చిన్న బొమ్మే పనికొస్తుంది. కుట్టు ఫైల్ మిషన్ వాళ్లే తయారు చేసుకుంటారు.

"ఫోన్ మారింది, లోగో మళ్ల పంపు"

మేడారం జాతర రెండేళ్లకోసారి. స్వాగత ఫ్లెక్సీలు కట్టే రోజులు రాగానే పోయిన జాతరప్పటి లోగోలు అడుగుతారు. వాట్సాప్‌లో పంపినవి ఆపాటికి వాళ్ల దగ్గర ఉండవు. అందుకే లోగో ఫైళ్లన్నీ ఉన్న ఫోల్డర్‌ను ఈమెయిల్‌లో కూడా పంపుతాను, డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుతాను. లోపల మూడే సంచులు: "ప్రింటింగ్ షాపుకు", "ఫోన్‌కు", "స్టాంపుకు". ఆ పేర్లు తెలుగులోనే రాస్తాను. కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన అయినా సరైనది తీసి ఆపరేటర్‌కు పంపగలగాలి.