ర్యాంపు ఉన్నా లోపలికి వెళ్లలేకపోతున్నారా? తేడా ఎక్కడ ఉందో ఇలా చూడండి

మా చెల్లి వీల్‌చైర్‌లో తిరుగుతుంది. నేను విజయనగరంలో సివిల్ పనులు చేయిస్తుంటాను. "ర్యాంపు ఉందండీ, వచ్చేయండి" అన్న చోటికి వెళ్లి, చివరికి దారిన పోయేవాళ్లను బతిమాలి కుర్చీ ఎత్తించుకున్న రోజులు మాకు చాలా ఉన్నాయి. అప్పటి నుంచి నా బండిలో టేపు, రసమట్టం ఎప్పుడూ ఉంటాయి. ఇబ్బందిగా ఉందని చెబితే తలూపి ఊరుకుంటారు. ఇన్ని అంగుళాలు తేడా ఉందని కాగితం మీద చూపిస్తే మాట్లాడటానికి కూర్చుంటారు.

ఎక్కుతుంటే కుర్చీ వెనక్కి లాగేస్తోంది, ముందు చక్రాలు లేస్తున్నాయి

వాలు ఎక్కువైంది. మన జిల్లాల్లో ఇది మామూలే. నాగావళి, వంశధార వరదలు, తుపాన్లు చూసినవాళ్లం కాబట్టి బేస్‌మెంట్ ఎత్తుగా లేపుతాం. అది మంచిదే. కానీ మెట్లకు చోటు వదిలి, ర్యాంపుకు మాత్రం గేటుకూ గడపకూ మధ్య మిగిలిన ఎనిమిది, తొమ్మిది అడుగుల్లో సర్దేస్తారు.

లెక్క 1:12. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు కావాలి. రెండడుగుల బేస్‌మెంట్‌కు 24 అడుగులు. ఎత్తు పెరిగే కొద్దీ వాలు ఇంకా తగ్గాలి, మధ్యలో ఆగడానికి చదును కావాలి. మా ఊళ్లో ఒక ఆఫీసు ముందు కొలిస్తే ఎత్తు 22 అంగుళాలు, ర్యాంపు 9 అడుగులు, అంటే 108 అంగుళాలు. భాగిస్తే ఐదు కూడా రాలేదు. ఆ ర్యాంపు మీద నేను వెనక నుంచి భుజం ఆనించి నెడుతుంటే, మా చెల్లి ఒంటిని ముందుకు వంచి రెండు చక్రాలూ బిగించి పట్టుకుంది. దిగేటప్పుడు కుర్చీ వెనక్కి తిప్పి, అడుగు అడుగూ దించాను.

పరిష్కారం: ర్యాంపును ముందుకే లాగక్కర్లేదు. గోడ వెంబడి మడత పెట్టండి, మలుపులో ఐదడుగుల చదరపు ల్యాండింగ్ ఇవ్వండి. 24 అడుగుల పొడవు రెండు పన్నెండుల్లో ఇమిడిపోతుంది. అలా కూడా చోటు లేకపోతే, నేల మట్టం దగ్గరగా ఉండే పక్క తలుపు చూడండి. ఆ దారి ఎటో గేటు దగ్గరే బోర్డు పెట్టండి. "అటెండర్లున్నారు, ఎత్తుతారు" అనే ఏర్పాటుకు మాత్రం ఒప్పుకోవద్దు. పదిమంది చూస్తుండగా పరాయివాళ్లు చంకల్లో చేతులు పెట్టి లేపడం ఎలా ఉంటుందో మా చెల్లి ముఖంలో చూశాను.

వాలు సరిగ్గానే ఉంది, అయినా కుర్చీ ఆగిపోతోంది

ముందు పైఅంచు చూడండి. సిమెంటు పని అయ్యాక పైన టైల్స్ వేస్తారు, అక్కడ అంగుళం గట్టు మిగిలిపోతుంది. 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దాటితే చిన్న చక్రం తట్టుకుంటుంది. అంచును ఏటవాలుగా చెక్కి సిమెంటుతో కలిపేస్తే చాలు, ఒక మేస్త్రికి పూటపని. తర్వాత వెడల్పు. నాలుగడుగులు ఖాళీగా ఉండాలి, అక్కడ స్కూటర్లు పెట్టకూడదు. నున్నటి గ్రానైట్ వేసి ఉంటే వానలో పాదం, చక్రం రెండూ జారతాయి. గరుకు టైల్స్ వేయాలి. రెయిలింగ్ రెండు వైపులా, సుమారు రెండున్నర, మూడు అడుగుల ఎత్తుల్లో రెండు వరసలు ఉండాలి.

కాలువ మీది జాలీ ఎవరికీ గుర్తుండదు. దాని సందులు నడిచే దిశలోనే ఉంటే ముందు చక్రం అందులో దిగిపోతుంది. ఒకసారి మా చెల్లి అలాగే ముందుకు తూలి మోచేయి గీరుకుంది. జాలీని అడ్డంగా తిప్పించండి, సందు అర అంగుళం మించకుండా చూడండి.

టాయిలెట్ తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ ఉంది, లోపల పని జరగదు

లోపలికి వెళ్లి తలుపు వేసుకుని చూడండి. వేసుకోలేకపోతే అది టాయిలెట్ కాదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. ఖాళీ దారి 900 మిల్లీమీటర్లు ఉండాలి. గది 2200 × 2000, అందులో కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు. కమోడ్ ఎత్తు 450 నుంచి 480, అంటే కుర్చీ సీటు ఎత్తుకు దగ్గరగా. కమోడ్‌కు ఒక పక్క ఖాళీ వదలాలి, కుర్చీ ఆనించి దాని మీదికి జరగాల్సింది అక్కడి నుంచే. మనవాళ్లు సరిగ్గా అక్కడే బకెట్టు, చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు పెడతారు. పట్టుకునే కడ్డీలు మనిషి బరువు ఆపాలి, ఉత్త టైల్ మీద స్క్రూ బిగిస్తే ఊడి వస్తాయి. అన్నీ బాగుండి తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తలుపు మీద రాయించమని కాదు, తాళమే తీయించమని అడగండి.

చూపు లేనివారికి పసుపు పలకలు వేశారు, దారి తెలియడం లేదు

గీతల పలక నడవమని, చుక్కల పలక ఆగి చూసుకోమని చెబుతుంది. ఒకే రకం దొరికిందని అంతా చుక్కలే వేస్తే కర్రకు ఏమీ అర్థం కాదు. వరస నేరుగా స్తంభానికి తగులుతుంటే ఇంకా ప్రమాదం. తీసి మళ్లీ వేయించడమే మార్గం.

ఆఫీసు మేడ మీద, లిఫ్టు లేదు

లిఫ్టు వచ్చేదాకా కింద ఒక గది, బల్ల ఇచ్చి ఆ పని కిందే జరిగేలా చూడమనండి. టోకెన్ నంబరు నోటితో పిలిస్తే చెవులు వినపడనివారు కూర్చునే ఉంటారు, తెర మీద కూడా పడాలి.

"పాత బిల్డింగ్ అండీ, మాకు వర్తించదు"

వర్తిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. జనం వచ్చిపోయేది ప్రైవేటు భవనమైనా అది ప్రజా భవనమే. 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి గానీ, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. పాత ప్రజా భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలని 45వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా. ప్రమాణాలను ఉత్త సలహాల్లా వదిలేయకూడదనీ, తప్పనిసరి నిబంధనలు చేయాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న కేంద్రానికి చెప్పింది.

ముందు ఆ భవనం బాధ్యులకే రాయండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, ఒక కాపీ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖకు పంపండి. "ర్యాంపు బాగోలేదు" అని రాయొద్దు. "ఎత్తు 22 అంగుళాలు, పొడవు 9 అడుగులు, ఉండాల్సింది కనీసం 22 అడుగులు" అని రాసి, టేపు ఆనించి తీసిన ఫొటో జతచేయండి. అర్జీ నంబరు రాయించుకునే బయటికి రండి.