చుక్క తప్పు చోట పడుతోందా? ముందు ఒడియా నోటుబుక్కు తెరవండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రం పూట తెలుగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల నోటుబుక్కులు ఎన్నో ఏళ్ళుగా దిద్దుతున్నాను. పగలంతా ఒడియా బడి, ఇంట్లో తెలుగు మాట, నా దగ్గర గంటసేపు తెలుగు రాత. తప్పు కనబడగానే తల్లిదండ్రులూ, కొత్తగా పాఠం చెప్పేవారూ ఒకే మాట అంటారు: "ఒడియా ప్రభావమండీ." కావచ్చు. కానీ ఆ పిల్లవాడి ఒడియా నోటుబుక్కు తెరిచి చూసి ఆ మాట అన్నవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

రెండు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టండి. అదే తప్పు రెండింటిలోనూ ఉంటే అది భాషల గొడవ కాదు; వాక్యమంటే ఏమిటో ఇంకా పట్టుబడలేదన్నమాట. ఒడియాలో ఒప్పుగా రాసి తెలుగులో తప్పితే, నేరం ఒడియాది కావచ్చు, మనది కూడా కావచ్చు.

వాక్యం చివర నిలువు గీత

ఇది నిజంగా ఒడియా నుంచి వచ్చిందే. అక్కడ వాక్యం ముగిస్తే గీత, ఇక్కడ చుక్క. కామా, ప్రశ్నార్థకం రెండు చోట్లా ఒకటే. కొన్నాళ్ళు గుర్తుచేస్తే పోతుంది, దీనికి మార్కులు కోయకండి. పద్యం చివర గీత పెడితే అసలే కొట్టివేయకండి, మన పద్యాల పుస్తకాల్లోనూ ఆ గీతలే ఉంటాయి.

"చెల్లి వచ్చాడు"

ఒడియాలో తమ్ముడు వచ్చినా చెల్లి వచ్చినా "ఆసిలా" ఒక్కటే. క్రియలో ఆడా మగా తేడా లేదు. అందుకని వెంటనే "డు, ది" అంటూ వల్లె వేయించడం మొదలుపెట్టకండి. పుస్తకం మూసి, "మీ చెల్లి ఎప్పుడు వచ్చిందిరా?" అని అడగండి. "నిన్న వచ్చింది మాస్టారూ" అంటాడు, తడుముకోకుండా. తెలియనిది వ్యాకరణం కాదు. వాడు ఒడియాలో జవాబు అల్లుకుని, మాటకు మాట తెలుగు చేస్తున్నాడు. "మా ఊరు పర్లాకిమిడి అవుతుంది" అన్న వాక్యం కూడా ఆ దారిలో వచ్చిందే. ఒడియా వ్యాసాల్లో వాక్యం చివర వచ్చే "అటే"కు అది నకలు. "మేము" రావలసిన చోట "ఆమె" కనిపిస్తే కంగారుపడకండి, ఒడియాలో "ఆమే" అంటే మేమే. అన్నింటికీ మందు ఒకటే: ముందు నోటితో చెప్పించి, ఆ తరవాతే కలం పట్టనివ్వండి.

వాక్యం మధ్యలో చుక్క

నన్ను ముంచింది ఇది. ఏడో తరగతి పిల్లవాడొకడు ఇలా రాశాడు: "ఆదివారం నదికి వెళ్ళి. స్నానం చేసి. ఇంటికి వచ్చి. అన్నం తిన్నాను." మూడు చుక్కలకూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. మరుసటి వారం మళ్ళీ అదే. ఒడియా బడిని తిట్టుకున్నాను. అసమాపక క్రియలు, క్త్వార్థకం ("వెళ్ళి", "చేసి" లాంటి, వాక్యాన్ని ముగించని క్రియలు) అంటూ రెండు సాయంత్రాలు బోర్డు నింపాను. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు, బుద్ధిగా అదే తప్పు మళ్ళీ రాశారు.

చివరికి ఒకరోజు వాడి సంచిలోంచి ఒడియా నోటుబుక్కు జారిపడితే తిరగేశాను. అదే ఆదివారం, అదే నది: "రబిబార నఈకు జాయి, గాధోయి, ఘరకు ఆసి భాత ఖాయిలి." చివర ఒకే ఒక్క గీత, సరిగ్గా ఉండవలసిన చోట. వెళ్ళి అనడానికి జాయి, వచ్చి అనడానికి ఆసి. ఈ విషయంలో రెండు భాషల నడకా ఒకటే. మరి తెలుగులో మూడు చుక్కలు ఎక్కడివి? వాడినే అడిగాను. "ఊపిరి ఆగిన చోట చుక్క పెట్టమని మీరే చెప్పారు కదా మాస్టారూ!"

నిజమే, చెప్పాను. నాకూ మా మాస్టారు అలాగే చెప్పారు. ఒడియా గడగడా చదివేస్తాడు కాబట్టి వాడి ఊపిరి వాక్యం చివరే ఆగుతుంది. తెలుగు అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాడు కాబట్టి రెండు మాటలకొకసారి ఆగుతుంది, ఆగిన చోటల్లా చుక్క పడుతుంది. తప్పింది వ్యాకరణం కాదు, చదువు వేగం. దాని మీద నా సూత్రం ఒకటి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరిది. ఆయన నోటి మాట కోసం పోరాడితే, అదే ఊళ్ళో కూర్చుని నేను మాటను వదిలేసి ఊపిరిని పట్టుకున్నాను.

ఇప్పుడు చేసేది ఇది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకడు తను రాసింది చుక్క వరకు చదివి ఆగాలి. కథ వింటున్నట్టు రెండోవాడు "ఊఁ" కొట్టాలి, లేదా ఇంకా ఏదో రావాలనిపిస్తే "వెళ్ళీ...?" అని సాగదీయాలి. సాగదీస్తే చుక్క తీసేసి కామా పెట్టాలి. అంతే. సమాపకం, అసమాపకం అన్న పేర్లు ఎత్తకుండానే మూడో రోజుకు చుక్కలు దారికి వస్తాయి.

పేర్లు తప్పదనుకుంటే ఆ తరవాత చెప్పండి, అది కూడా ఇలా: "వెళ్ళాను" అంటే ఎవరు వెళ్ళారో ఆ మాటలోనే ఉంది. "వెళ్ళి" అంటే ఎవరో తెలియదు. మనిషి దొరికిన క్రియ దగ్గర చుక్క పెట్టవచ్చు. దీన్ని మాత్రం రాతి మీద చెక్కకండి. "నాకు పెన్ను కావాలి", "బస్సు రాలేదు" అన్న వాక్యాల్లో క్రియను చూస్తే మనిషి తెలియడు, "మా నాన్న రైతు"లో అసలు క్రియే లేదు. అక్కడ "ఊఁ" ఆటే దిక్కు.

పేజీ అంతటికీ ఒక్క చుక్క కూడా లేక, "తరవాత", "మరియు" గొలుసులా సాగిపోతే? దానికీ ఇదే ఆట, తలకిందులుగా: ప్రతి "మరియు" దగ్గర ఆపి చదివించండి. "ఊఁ" వచ్చిన చోట చుక్క.

"రాజు చెప్పాడు, నేను రాను"

"చెప్పాడు" తరవాత, చెప్పిన మాటకు ముందు ఒడియా "జే" పెట్టే వాక్యం పోకడ ఇది. ఇక్కడ ఒడియానే సాయం పిలవండి, చెప్పిన మాట తరవాత మన "అని" లాగే వచ్చే "బోలి" అక్కడా ఉంది. "నువ్వు బోలి పెట్టే చోట మనం అని పెడతామురా" అంటే, "నేను రానని రాజు చెప్పాడు" అని వాడే తిప్పుకుంటాడు. రాజు మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఉంచితే కొటేషన్ గుర్తులు, రానని అని కలిపేస్తే అక్కర్లేదు.

ఇక చూపు సరిగా ఆనక చుక్కలు వదిలేసేవారు, అచ్చుతప్పులున్న గైడు చూసి ఎక్కించేవారు ఎప్పుడో ఒకరు తగులుతారు. ముందు వరసలో కూర్చోబెట్టండి, గైడు తీసేయండి.