బోదకాలు మాత్ర చేతిలో పెట్టి రాకండి, ఎదురుగా మింగించండి

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి బోదకాలు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా మామ్మకి కుడికాలు వాచి ఉండేది, సరిపోయే చెప్పు ఏ షాపులోనూ దొరకలేదు, చివరికి పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది. అందుకే మా ఊళ్లో మాత్రలు పంచిన ఏళ్లలో ఆశా అక్క వెంట నేనూ ఇల్లిల్లూ తిరిగాను. మీ ఊళ్లో ఈ పనికి ఎవరైనా పూనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పీహెచ్‌సీకి వెళ్లి, మీ మండలంలో ఇంకా మాత్రలు ఇస్తున్నారా, ఆపేసి సర్వేలు మాత్రమే చేస్తున్నారా, ఇస్తుంటే ఏ మాత్రలో కనుక్కోండి. మామూలుగా ఇచ్చేవి డీఈసీ, ఆల్బెండజోల్. కొన్ని జిల్లాల్లో వీటికి ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతారు.

జనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "నా కాలు బానే ఉంది కదండీ, నాకెందుకు?" దీనికి జవాబు మీకు గట్టిగా తెలిసుండాలి. బోదకాలు తెచ్చే సన్నటి పురుగులు శోషరస నాళాల్లో (ఒంట్లో రక్తం కాని మరో నీరు పారే సన్నటి గొట్టాల్లో) ఏళ్ల తరబడి బతుకుతాయి, వాటి పిల్లలు రాత్రి పది నుంచి రెండు మధ్య రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి, సరిగ్గా ఆ వేళకే క్యూలెక్స్ దోమ కుట్టి వాటిని ఇంకొకరికి చేరుస్తుంది. ఒంట్లో పురుగు ఉన్నవాళ్లలో చాలామందికి పైకి ఏమీ కనపడదు, వాళ్ల నుంచే రోగం పాకుతుంది. కాబట్టి మాత్ర వాచిన కాలు కోసం కాదు, బాగున్న కాళ్ల కోసం. మందు ఆ పిల్లల్ని చంపినంత తేలిగ్గా పెద్ద పురుగుల్ని చంపలేదు, అందుకే ఏడాదికోసారి చొప్పున కొన్నేళ్లు వరసగా వేసుకోవాలి.

ఇక మన వాళ్ల మర్యాద సంగతి. గోదావరి మనిషి మొహం మీద వద్దనడు. "ఆయ్, అలాగేనండి, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటానండి" అని చెయ్యి చాపి తీసుకుంటాడు, ఆ మాత్రలు దేవుడి గూట్లోనో టీవీ వెనకో ఉండిపోతాయి. మొదటి ఏడాది మేం పగలు పదకొండింటికి వెళ్లాం. మగాళ్లు చేల మీదో చెరువుల మీదో ఉన్నారు, ఆడవాళ్ల చేతికి ఇంటిల్లిపాదివీ ఇచ్చి వచ్చేశాం. రిజిస్టర్లో అందరికీ టిక్కులు పడ్డాయి గానీ కడుపులోకి ఎన్ని వెళ్లాయో ఎవరికీ తెలీదు. తర్వాతి ఏడాది సాయంత్రం ఏడు తర్వాత, భోజనాల వేళకి, బిందెతో నీళ్లు, గ్లాసులు పట్టుకుని వెళ్లాం. భోంచేసి లేచినవాళ్ల చేత అక్కడే మింగించాం. చెయ్యాల్సింది ఇదే, మిగతాదంతా దీని తర్వాతే.

డీఈసీ వంద మిల్లీగ్రాముల మాత్రలైతే 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకి ఒకటి, 6 నుంచి 14 దాకా రెండు, 15 దాటితే మూడు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది ఒకటి, నమిలి మింగాలి. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో బాగా నీరసించినవాళ్లకి డీఈసీ ఇవ్వకూడదు. ఖాళీ కడుపుతో ఎవరికీ వద్దు. ఐవర్‌మెక్టిన్ ఉంటే ఎత్తు కొలవాలి, 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి అది ఇవ్వరు.

ఎత్తు కొలిచే ఈ పద్ధతి ఆఫ్రికాలో నదీ అంధత్వం అనే, చూపు పోగొట్టే రోగం మీద చేసిన పోరాటంలో బాగా వాడారు. అదీ ఇలాంటి పురుగుదే, కాకపోతే అక్కడ మోసేది వడిగా పారే ఏటి నీళ్లలో పెరిగే నల్ల ఈగ, మన దగ్గర ఆ రోగం లేదు. 1987 నుంచి మెర్క్ కంపెనీ ఐవర్‌మెక్టిన్ ఉచితంగా ఇస్తోంది. పంచేవాళ్లని, పంచే రోజుని ఊరే ఎంచుకునేది, త్రాసు లేని చోట గుర్తులు గీసిన కర్ర పక్కన నిలబెట్టి మాత్రలు లెక్కగట్టేవారు. 2013లో కొలంబియా, 2025లో నైజర్ ఆ రోగాన్ని వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయితే ఆ రోగం ఉన్నవాళ్లకి డీఈసీ ఇస్తే కళ్లకే ప్రమాదం, అందుకే అక్కడ వాడరు. ఆ ముక్క ఎక్కడో చదివి మన డీఈసీకి భయపడకండి.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరగడం, వాంతి వస్తాయి. ఒంట్లో పురుగు పిల్లలు చస్తున్నాయని దానికి అర్థం, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మేం ఇది ముందే చెప్పలేదు. ఒక వీధిలో ముగ్గురికి జ్వరం వచ్చేసరికి తెల్లారేలోపు ఊరంతా టెన్షన్, పక్క వీధిలో తలుపులే తియ్యలేదు. మాత్ర ఇచ్చే ముందే చెప్పండి, పీహెచ్‌సీ ఫోన్ నంబరు గోడ మీద రాయండి, మర్నాడు ఆ ఇళ్లకి మళ్లీ వెళ్లి పలకరించండి. ఇంట్లో లేనివాళ్ల పేర్లు విడిగా రాసుకుని వాళ్ల కోసం ఇంకోసారి తిరగండి, ముఖ్యంగా సెలవుల్లో వచ్చిన గల్ఫ్ కుర్రాళ్లు లెక్కలోంచి జారిపోతారు.

ఇప్పటికే కాలు వాచినవాళ్లని మాత్రం "ఇక తగ్గదు" అని వదిలెయ్యొద్దు. రోజూ మామూలు నీళ్లతో, సబ్బుతో, వేళ్ల సందులు కూడా వదలకుండా కడిగి, మెత్తటి గుడ్డతో తడి అద్దాలి. సందుల్లో పాసిపోయి పగుళ్లుంటే డాక్టరు చెప్పిన క్రీము రాయాలి. రాత్రి కాలు కింద దిండు పెట్టుకోవాలి, కూర్చున్నప్పుడు మడమ పైకీ కిందకీ ఆడించాలి. గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చేది ఆ పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరడం వల్లే, అలా వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త పెరుగుతుంది. జ్వరం వచ్చినప్పుడు కాపడం పెట్టొద్దు, పసర్లు రాయొద్దు, తడిగుడ్డ వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మా మామ్మ చివరి నాలుగేళ్లు రోజూ కాలు కడిగించుకుంది, జ్వరాలు బాగా తగ్గాయి, ఇది మాకు ఇరవై ఏళ్ల ముందు ఎవరూ చెప్పలేదు. ఈ పురుగు వల్లే వరిబీజం వచ్చిన మగాళ్లు సిగ్గుపడి పంచె చాటున దాచుకుంటారు, దానికి ఆపరేషన్ ఉందని మగాళ్ల చేతే చెప్పించండి.

దోమ మురుగులో పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి వల కట్టండి, కొబ్బరి డొక్కలు నానేసే గుంటల్నీ, వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలే మడుగుల్నీ పంచాయతీ చేత చూపించండి. దోమతెర సరేసరి.

మాత్రలు ఆపేసిన ఊళ్లలో పని అయిపోయిందనుకోకండి. ఆరేడేళ్ల పిల్లలకి బళ్లోనే వేలి నుంచి చుక్క రక్తం తీసి పురుగు జాడ ఉందేమోనని చూస్తారు, కొన్నేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ చూస్తారు. ఒకటి, రెండు తరగతుల పిల్లల అమ్మానాన్నలకి ఆ తేదీ ముందే చెప్పండి, ఆ రోజు బడి మాన్పించకుండా పంపమనండి.