కిండర్‌గార్టెన్ పిల్లలకు కథల మీద, పుస్తకాల మీద ఇష్టం పెంచడం ఎలా?

కిండర్‌గార్టెన్ వయసు పిల్లలు, అంటే మూడేళ్ళు నిండి ఆరేళ్ళు దాటనివాళ్ళు, అక్షరం రాకముందే కథ అడుగుతారు. ఆ అడిగే అలవాటును నిలబెట్టడమే ఈ వయసులో పెద్దలు చేయవలసిన ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. అక్షరాలు కొందరికి ముందు, కొందరికి వెనక వస్తాయి, దానికి అంత తొందర లేదు. కానీ పుస్తకం తెరిస్తే ఎవరో ఏదో అప్పజెప్పమంటారన్న భయం ఒకసారి మనసులో పడితే దాన్ని పోగొట్టడం చాలా కష్టం. అందుకే కథ వింటున్నంతసేపూ తప్పు చెప్పడానికీ, అడ్డు ప్రశ్న వేయడానికీ, ఈ పుస్తకం వద్దనడానికీ పిల్లలకు స్వేచ్ఛ ఉండాలి.

పుస్తకాలు వాళ్ళ చేతికి అందేచోట ఉండాలి. అలమరలో వెన్నులు మాత్రమే కనిపించేలా నిలబెట్టిన పుస్తకాలను చదవడం రాని పిల్లలు గుర్తుపట్టలేరు. అట్టమీది బొమ్మ కనిపించేలా, వాళ్ళ కంటి ఎత్తులో కొద్ది పుస్తకాలు పేర్చి, అప్పుడప్పుడూ కొన్నింటిని మారుస్తూ ఉంటే తామే వెళ్ళి తెచ్చుకుంటారు. చిరుగుతాయని దాచిపెట్టకండి. చిరిగిన పేజీని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అతికిస్తే, పుస్తకాన్ని ఎలా చూసుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఏ పుస్తకం ఎంచుకోవాలన్న ప్రశ్నకు నేను మొదట చూసేది బొమ్మలనే. మాటలు చెప్పని సంగతి బొమ్మ చెబుతున్నట్లయితే పిల్లలకు వెతకడానికీ, పెద్దలకంటే ముందే కనిపెట్టడానికీ అవకాశం ఉంటుంది. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక పల్లవి, నోటికి పట్టే ప్రాస ఉంటే ఇంకా మంచిది. ప్రాస వల్ల మాటల్లోని ధ్వనులను విడదీసి వినే శక్తి పెరుగుతుంది, అది తరువాత చదవడానికి పనికివస్తుంది. ప్రతి కథా నీతితో ముగియాలన్న పట్టుదల మాత్రం వదులుకోవాలి. నీతి కోసమే రాసిన కథను పిల్లలు చాలా త్వరగా పసిగడతారు.

చదివే ముందు ఒకసారి మీరు మనసులో చదువుకోండి. ఎక్కడ ఆగాలో, ఏ పాత్రకు ఏ గొంతు నప్పుతుందో ముందే తెలుస్తుంది. పిల్లలందరికీ బొమ్మ కనిపించేలా కూర్చుని, మామూలు మాటకంటే కొంచెం నెమ్మదిగా చదవాలి. పేజీ తిప్పబోయే ముందు క్షణం ఆగితే తరువాత ఏమవుతుందో ఊహించే వ్యవధి వాళ్ళకు దొరుకుతుంది. ఈ వయసు పిల్లల చూపు ఎక్కువసేపు బొమ్మల మీదనే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడూ వాక్యం కింద వేలు జరుపుతూ చదివితే, మీరు చెబుతున్న మాటలు ఆ గీతల్లోంచి వస్తున్నాయని వాళ్ళకు అర్థమవుతుంది. ప్రతి వాక్యానికీ అలా చేస్తే మాత్రం కథ నడక కుంటుపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది పుస్తకం చుట్టూ జరిగే సంభాషణ. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ళ వయసు ప్రాంతపు పిల్లల తల్లిదండ్రులకు ఒక నెలపాటు బొమ్మల పుస్తకం చూపుతూ ఎలా మాట్లాడాలో నేర్పించారు. ఆ పిల్లలు మాటల్లో భావం చెప్పగలగడంలో, మామూలుగా చదివి వినిపించిన ఇళ్ళ పిల్లలను దాటిపోయారు. ఆ పద్ధతిలో పెద్దలు చెప్పేవాళ్ళ స్థానంలోంచి వినేవాళ్ళ స్థానంలోకి జరుగుతారు. ఉదాహరణకు, కుందేలు వానలో నిలబడి ఉన్న పేజీ తెరిచారనుకుందాం. “ఇక్కడ ఏం జరుగుతోంది?” అని అడిగితే పాప “కుందేలు తడిచింది” అంటుంది. “అవును, గొడుగు చేతిలోనే ఉంది గానీ తెరవలేదు, అందుకే తడిసింది” అని ఆ మాటనే కొంచెం పొడిగించి చెప్పాలి. “ఎందుకు తెరవలేదంటావు?” అని మళ్ళీ అడిగితే, గొడుగులో చీమలు నిద్రపోతున్నాయని పాప చెప్పవచ్చు. పుస్తకంలో కారణం వేరే ఉన్నా సరే, ఆ జవాబును కొట్టిపారేయకూడదు. “అలాగా, మరి కథలో ఏముందో చూద్దాం” అంటూ పేజీ తిప్పితే రెండు కారణాలూ పక్కపక్కన నిలుస్తాయి. అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించి, ఏం, ఎలా, ఎందుకు అని అడగడం అలవాటు చేసుకోవాలి. కొత్త కథను మొదటిసారి చదివేటప్పుడు ప్రశ్నలు రెండు మూడు మించనివ్వకండి. పేజీకొక ప్రశ్న వేస్తే పిల్లలకు కథ అందదు, విచారణే మిగులుతుంది.

చదివిన కథనే మళ్ళీ చదవమని పిల్లలు పట్టుబడితే విసుక్కోకండి. ఇంగ్లండులో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో వెల్లడించిన ప్రయోగంలో, ఒకే కథను పదేపదే విన్న మూడేళ్ళ పిల్లలు, అవే కొత్త మాటలను అన్నే సార్లు వేర్వేరు కథల్లో విన్న పిల్లలకంటే వాటిని బాగా గుర్తుంచుకున్నారు. కథ ఎటు పోతుందో తెలిసినప్పుడు పిల్లల ధ్యాస మాటల మీదికీ, బొమ్మల మూలల్లోకీ వెళుతుంది. నాలుగోసారి చదివేటప్పుడు వాక్యం చివరి మాట దగ్గర ఆగి చూడండి. వాళ్ళే పూర్తిచేస్తారు, మీరు ఒక మాట మార్చితే వెంటనే పట్టుకుంటారు.

చదివినందుకు స్టికర్లు, బహుమతులు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తరువాత తీరిక సమయంలో ఆ పిల్లలే మిగిలినవాళ్ళకంటే తక్కువసేపు గీశారు. కథ వినడం కూడా పిల్లలకు దానంతటదే ఇష్టమైన పని కాబట్టి దానికి వెల కట్టకపోవడమే మేలు. టీవీ ఆపి కథ వినమనడం, అల్లరి చేస్తే ఈరోజు కథ లేదనడం కూడా కథను శిక్షగానో బహుమతిగానో మార్చే ఇలాంటి పొరపాట్లే.

పుస్తకం లేకుండా చెప్పే కథకూ రోజులో చోటుండాలి. ఇంకా మంచిది, పిల్లలు చెప్పే కథను మీరు రాసిపెట్టడం. షికాగోలో చాలాకాలం కిండర్‌గార్టెన్ టీచరుగా పనిచేసిన వివియన్ పేలీ, పిల్లలు చెప్పిన కథలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి, తరగతిలో మిగిలిన పిల్లలతో నటింపజేసేవారు. కథ రెండే వాక్యాలున్నా ఫరవాలేదు. వ్యాకరణం దిద్దకుండా, చెబుతున్న వేగానికి తగ్గట్టు రాస్తూ, రాసినదాన్ని వెంటనే పైకి చదివి వినిపించాలి. తన నోట వచ్చిన మాట కాగితం మీద నిలిచిపోయి మరొకరి నోట తిరిగి వినిపించినప్పుడు, రాయడం చదవడం ఎందుకున్నాయో ఆ పిల్లవాడికి తెలిసినంతగా ఏ పాఠం వల్లా తెలియదు.

కుదురుగా కూర్చోలేని పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టకండి. చేతిలో ఏదో ఒక ఆటవస్తువుతో కదులుతూనే చక్కగా వినేవాళ్ళున్నారు. తరగతిలో పది పదిహేను నిమిషాలు దాటితే ఆపడం మంచిది. కథ నచ్చకపోతే మధ్యలోనే మూసేసి ఇంకొకటి తీయవచ్చు. ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటే ఆ భాషలోనే కథ చెప్పాలి. తడుముకోకుండా, నవ్విస్తూ, గొంతు మారుస్తూ చెప్పగలిగేది ఆ భాషలోనే.

కొన్నాళ్ళకు పిల్లలు పుస్తకం తెరిచి, చదువుతున్నట్లే సొంత మాటల్లో కథ చెప్పుకుపోతారు. అక్షరాలకూ వాళ్ళు చెప్పేదానికీ పొత్తు లేకపోయినా దిద్దకుండా వినండి. కథకు మొదలు, నడక, ముగింపు ఉంటాయని వాళ్ళు అప్పుడే నేర్చుకుంటున్నారు. ఆ తరువాత నిజంగా కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టగానే చాలామంది పెద్దలు ఇక తమ పని అయిపోయిందనుకుని చదివి వినిపించడం మానేస్తారు. సొంతంగా చదవగలిగే స్థాయికంటే విని అర్థం చేసుకునే స్థాయి ఇంకా ఏళ్ళ తరబడి పైనే ఉంటుంది. కాబట్టి వాళ్ళు చదువుకునే చిన్న పుస్తకం వాళ్ళను చదువుకోనిచ్చి, దానికంటే పెద్ద కథను మీరు రోజూ చదివి వినిపిస్తూనే ఉండండి.