పరాయి దేశపు ప్రకృతిలో మన భయాలు: వాటిని దారికి తెచ్చుకునే పద్ధతి

కొత్త దేశంలో ఉద్యోగం, ఇల్లు, భాష ఒక కొలిక్కి వచ్చిన తర్వాత కూడా చాలామందిలో ఒక బెరుకు మిగిలిపోతుంది. గోడమీద అరచేయంత సాలీడు, నడకదారిలో తలమీదికి దూకే పక్షి, చలికాలంలో సాయంత్రం నాలుగింటికే కమ్ముకునే చీకటి ఇందుకు కారణం కావచ్చు. వీటిని తప్పించుకు తిరగడం మొదలుపెడితే కిటికీ తెరవడం, ఒంటరిగా నడవడం ఒక్కొక్కటిగా మానుకోవలసి వస్తుంది. రోజూ ఎదురయ్యే సందర్భాలతోనే ఈ బెరుకును తగ్గించుకోవచ్చు గాని, ధైర్యం కూడగట్టుకోవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది.

ఏది ప్రమాదకరం, ఏది కాదు అని పెరిగిన చోట ఏర్పడిన అంచనా కొత్తచోట రెండు వైపులా తప్పుతుంది. ఆస్ట్రేలియా ఇళ్ళలోకి వచ్చే హంట్స్‌మన్ సాలీడు ఎంత భయపెట్టేలా ఉన్నా, దాని కాటు నొప్పి పెడుతుందే తప్ప ప్రాణం మీదికి తేదు. సిడ్నీ పరిసరాల్లోని ఫనెల్‌వెబ్ సాలీడు మాత్రం నిజంగా ప్రమాదకరమే. అయితే 1981లో దాని విషానికి విరుగుడు వచ్చిన తర్వాత ఆ కాటు వల్ల మరణం నమోదు కాలేదు. మరోవైపు, ఎవరూ భయపడని గడ్డిలో ఉండే టిక్ అనే చిన్న పిడుదు ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ లైమ్ అనే బాక్టీరియా వ్యాధిని అంటించగలదు. అందువల్ల ముందుగా మీరుంటున్న ప్రాంతపు పార్కుల శాఖ, ఆరోగ్య శాఖ ఇచ్చే సమాచారం చదివి, మీరు భయపడే ప్రతిదాన్నీ నిజమైన ప్రమాదమా, కేవలం భయమా అని విడదీసి రాసుకోవాలి. ఫోనులో తిరిగే వీడియోలు ఈ పనికి పనికిరావు. అవి తయారయ్యేదే భయపెట్టడానికి.

నిజమైన ప్రమాదాన్ని సాధనతో జయించాలనుకోకూడదు, అక్కడ నియమం పాటిస్తే చాలు. ఆస్ట్రేలియా మాగ్‌పై పక్షులలో కొన్ని, ముఖ్యంగా మగవి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గూటిని కాపాడుకునేందుకు మనుషుల మీదికి దూకుతాయి. ఆ కొన్ని వారాలు వేరే దారిన వెళ్ళడం పిరికితనం కాదు. గడ్డిలో నడిచి వచ్చాక ఒంటిని పరిశీలించుకుని, పిడుదు కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యాలి.

ఇక మిగిలింది ప్రమాదం లేని, కేవలం భయం. దాన్ని మెట్లుగా విడగొట్టే పద్ధతికి వందేళ్ళ చరిత్ర ఉంది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళలోపు పిల్లవాడు తింటూ ఉండగా, మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త ఆ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెప్పించి అతని భయాన్ని పోగొట్టిన వివరాలు 1924లో వెలువడ్డాయి. మీరు కూడా భయాన్ని 0 నుంచి 100 వరకు కొలుచుకుని, 30 దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టండి.

హంట్స్‌మన్‌నే ఉదాహరణగా తీసుకుంటే, మొదటి మెట్టు దాని ఫొటోను చూపు తిప్పుకోకుండా చూడటం; రెండోది అది గోడమీద ఉన్నప్పుడు గది అవతలి మూల కూర్చోవడం; మూడోది చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి దాని కాళ్ళను లెక్కపెట్టడం. చివరి మెట్టులో వెడల్పాటి పారదర్శకమైన డబ్బాను కాళ్ళు నలగకుండా దానిమీద నెమ్మదిగా బోర్లించాలి. గోడకూ డబ్బా అంచుకూ మధ్య దళసరి అట్టముక్కను జరుపుతుంటే సాలీడు ఒక్కసారిగా పక్కకు పరిగెత్తుతుంది, దాని కాళ్ళు అట్టమీద టపటపమంటాయి. చాలామంది చేయి వెనక్కి తీసేది సరిగ్గా అక్కడే కాబట్టి, ఆ క్షణంలో చేతిని కదపకుండా ఉంచడమే ఈ మెట్టులో నేర్చుకోవలసింది. తర్వాత బయట పొద దగ్గర వదిలిపెట్టవచ్చు. నల్లగా నిగనిగలాడుతూ నేలమీద తిరిగే సాలీడైతే అది ఫనెల్‌వెబ్ కావచ్చు, ఈ పని చేయవద్దు.

ప్రతి మెట్టుకూ ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక వాక్యంలో రాసి, అయ్యాక నిజంగా జరిగినదాన్ని దాని పక్కన రాయండి. భయం పూర్తిగా పోయేదాకా ఆగనవసరం లేదు. అనుకున్న కీడు జరగలేదని మనసుకు తెలిసేదాకా ఉంటే చాలు. మధ్యలో పారిపోతే, పారిపోయినందుకే బతికిపోయామని మనసు నమ్ముతుంది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ చీకటిలో నడవడం కూడా అలాంటిదే. మొదట్లో ఊతంగా పనికొచ్చినా, సురక్షితమని తెలిసిన దారిలో దాన్ని క్రమంగా వదలాలి.

తేనెటీగ కుడితే తీవ్రమైన అలర్జీ వచ్చేవారు, గుండెజబ్బు ఉన్నవారు, భయంతో ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఇవి మొదలుపెట్టకూడదు.

ఒకే గదిలో, ఒకే దారిలో చేసిన సాధన మరోచోట అంతగా అక్కరకు రాదు కాబట్టి స్థలాన్ని, సమయాన్ని మారుస్తూ ఉండాలి. కొన్ని నెలల విరామం తర్వాత పాత భయం మళ్ళీ తల ఎత్తవచ్చు. అలాంటప్పుడు చేసినదంతా వృథా అయిందని అనుకోకుండా, రెండు మెట్లు కిందికి దిగి అక్కడి నుంచి తిరిగి మొదలుపెట్టండి.